ఎడమ పోగు తిప్పలేదు

కట్ట వేసిన 31వ ఏడు, 212వ రోజు

ఉదయం 10:12కు మూడో పంపు బేరింగు పగిలింది. ఇరుసు ముక్క తగిలి ఫిట్టరు ఒడుగు ఏలీషా అక్కడికక్కడే చనిపోయాడు. వయసు ఇరవై తొమ్మిది. పంపు ఆగిన నలభై నిమిషాల్లో ఉప్పులంక తూర్పు వీధుల్లో మోకాలి లోతు నీరు నిలిచింది. 10:55కు తొమ్మిదో పంపును అటు మళ్లించారు. మధ్యాహ్నానికి నీరు తీసింది.

కట్టకు అవతల సముద్రం మన వీధులకంటే నాలుగు మీటర్ల ఎత్తున ఉంది. పన్నెండు పంపులు రాత్రింబవళ్లు తోడుతుంటేనే ఇక్కడ మనుషులుంటారు. పంపు చెడిపోయే ముందు దాని బేరింగు సన్నగా కూస్తుంది. ఆ కూత పట్టుకోవడానికి పంపుకొక వినేమనిషి ఉంటుంది. గంటకొకసారి ఇనపకడ్డీ ఒక కొన బేరింగుకు, ఇంకో కొన ఎడమచెవికి ఆనించి వింటుంది. కుడిచేత్తో రిజిస్టరులో రాస్తుంది.

ఈ రోజు మూడో పంపు దగ్గర ఉన్నది నాగిడి మంగాయమ్మ. వయసు నలభై ఒకటి. పద్దెనిమిదేళ్లుగా వింటోంది. ఆమె రిజిస్టరులో 9:00కు "బాగుంది", 10:00కు "బాగుంది" అని ఉంది.

పంపుల సూపర్నెంటు పూర్ణచంద్రరావు పగిలిన లోహాన్ని, గోడపత్రిక రాసేవాణ్ణి కదా అని, నాకు చూపించారు. నీలం తిరిగి ఉంది.

"ఇంత నీలం తిరగాలంటే రెండు గంటలన్నా కాలాలి. రెండు గంటలు కూసి ఉంటుంది. చిన్నపిల్లకైనా వినపడుద్ది. ఆవిడ కునుకు తీసింది, నిద్ర లేచి టిక్కులు కొట్టింది. రాసుకోండి," అన్నారు.

రాసుకున్నాను.

213వ రోజు

ఏలీషాను ఉదయం ఎనిమిదింటికి పూడ్చారు. మంగాయమ్మ వచ్చింది. ఏలీషా అన్న ఏసోబు ఆమెను సమాధుల గేటు దగ్గరే ఆపాడు.

"లేచావా కునుకమ్మా? నిద్ర చాలిందా?"

"నేను పడుకోలేదు ఏసోబూ. మీ అమ్మ తోడు, కడ్డీ చెవిన పెట్టే విన్నా. అది కూయలా."

"కూయకుండానే నీలం తిరిగిందా? మా అమ్మ పేరెత్తితే నోరు చీరేస్తా."

ఎవరో ఆమె మీద తడి మట్టి విసిరారు. ఎవరు విసిరారో చూడలేదు. ఎవరూ ఆపకపోవడం చూశాను. ఆమె భుజం దులుపుకుని వెనక్కి వెళ్లింది.

మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లాను. తలుపు మీద బొగ్గుతో కళ్లు మూసుకున్న ఆడమనిషి బొమ్మ గీసి ఉంది. ఆమె తలుపు సగమే తీసింది.

"నువ్వూ అదే రాసుకోడానికొచ్చావా?"

"మీరు చెప్పింది రాసుకోడానికి వచ్చాను."

"అయితే రాసుకో. తొమ్మిదింటికి విన్నా. పదింటికి విన్నా. పంపు మామూలుగా గుర్రుమంటోంది. పైన సన్నకూత లేదు. ఇంతకంటే చెప్పేదేం లేదు."

ఇలాంటి తప్పులకు తీర్పు చెప్పే కట్ట సభ 217వ రోజు పది గంటలకు కూర్చుంటుంది. నిద్రపోయిన వినేమనిషికి శిక్ష ఒకటే: కట్ట దాటించడం. పడవ ఎక్కించి అవతలి ఇసుకదిబ్బల మీద దించేస్తారు. ముప్పై ఒక్క ఏళ్లలో నలుగురిని దించారు. నలుగురిలో ఎవరి కబురూ తిరిగి రాలేదు.

214వ రోజు

మనుషులు రెండు వర్గాలయ్యారు. ఏసోబు వాళ్లు పడవ అంటున్నారు. ఆఫీసు వాళ్లే కావాలని పోగుల్లో కరెంటు మార్చారని పంపుల పనివాళ్ల సంఘం అంటోంది. రెండు వర్గాలూ నా గోడపత్రిక బోర్డు మీద కాగితం అంటకుండా మైనం పూసి వెళ్లాయి. ఎవరి మైనం ఏదో తెలియదు.

పోగు అంటే వినేవాళ్లు చెవి వెనక పెట్టుకునే నాణెం లాంటి బ్యాటరీ. పంపుహాల్లో మాట వినపడదు, సైగలే. ఫిట్టర్లు చెవులకు డొప్పలు పెట్టుకుంటారు కానీ పుర్రె ఎముక గుండా వచ్చే మోతను డొప్ప ఆపలేదు. వినేమనిషి చెవి ఎనిమిది గంటలు ఆ మోతలో ఉండి కూడా సన్నకూత పట్టుకోవాలి. అందుకని వాళ్లకు చెవి వెనక చర్మం కింద ఒక తీగ నాటుతారు. దాని మీద పోగు అంటించగానే లోపలి చెవికి కరెంటు పోతుంది, మోత సద్దుమణుగుతుంది. కడ్డీతో వినేటప్పుడు ఎడమ పోగు తీసి, ఐదు నిమిషాలు ఆగి, విని, మళ్లీ పెట్టుకుంటారు.

సంఘం చెప్పింది నిజమేమో చూడాలంటే చెవులు చూడాలి. చెవులు పరీక్షించే షేక్ మస్తాన్‌బీ దగ్గరకు వెళ్లాను. మూడు నెలలకొకసారి ఆమె ముప్పై ఆరుమంది చెవులూ చూస్తుంది. పోయినసారి 140వ రోజున చూసింది. అందరివీ బాగున్నాయి. మళ్లీ 230న చూడాలి.

"ఇప్పుడే చూడండి," అన్నాను.

"సూపర్నెంటు గారి కాగితం కావాలి."

"మంగాయమ్మ ఒక్కదాన్నే. ఆమె ఒప్పుకుంటే కాగితం అక్కర్లేదని మీ నిబంధనలోనే ఉంది."

"నీకీ నిబంధనలన్నీ నోటికెలా వచ్చాయి నాయనా? సరే, పిలుచుకురా."

మంగాయమ్మ రానంది. చెవి పోయిందని తేలితే ఇక కడ్డీ పట్టనివ్వరని ఆమె భయం. పడవ కంటే అదే పెద్ద భయంలా ఉంది. సాయంత్రం నాలుగింటికి ఆమే వచ్చింది, తలకు గుడ్డ చుట్టుకుని. దారిలో మళ్లీ మట్టి పడిందట.

మస్తాన్‌బీ పరీక్ష చిన్నది. చెవిలో ఒక గొట్టం పెట్టి టక్కుమనే చిన్న చప్పుడు పంపుతుంది. బాగున్న చెవి ఆ చప్పుడుకు బదులుగా తనే ఒక సన్నని చప్పుడు వెనక్కి పంపుతుంది. గొట్టంలోని మైకు దాన్ని పడుతుంది. పరీక్షకు వచ్చిన మనిషి అబద్ధం చెప్పినా చెవి అబద్ధం చెప్పలేదు.

కుడిచెవి బదులు పలికింది. ఎడమచెవి పలకలేదు. మూడుసార్లు చేసింది.

మంగాయమ్మ గొట్టం పీకి బల్ల మీద పెట్టింది. "మాటలు వినపడతన్నాయి కదా. నువ్వు మాట్లాడేది వినపడతంది కదా!"

"మాటలు లావు చప్పుళ్లు. పోయింది సన్నకూతలు వినే వరస. బేరింగు కూసేది అక్కడే," అంది మస్తాన్‌బీ.

మంగాయమ్మ బల్ల తోసుకుంటూ లేచి వెళ్లిపోయింది. గొట్టం నేల మీద పడింది, కానీ పగలలేదు.

నేను రాసుకున్నది: ఆమె నిద్రపోలేదు. వినలేదు.

215వ రోజు

ఒక్క చెవితో కథ తేలదు. ఆమె చెవి వయసుతోనో, జ్వరంతోనో పోయి ఉండొచ్చు. ఆ మాట చెబితే మంగాయమ్మే గడప గడపకూ తిరిగి మిగతా వినేవాళ్లను పరీక్షకు రమ్మంది. నేను అడిగితే ఒక్కరూ రాకపోదురు. ఆమె అడిగితే వచ్చారు. కొందరు తిట్టుకుంటూ వచ్చారు.

ఫలితం: రెండో షిఫ్టు పన్నెండుమంది, మూడో షిఫ్టు పన్నెండుమంది, అందరి చెవులూ పలికాయి. మొదటి షిఫ్టు పన్నెండుమందిలో పదకొండుమందికి ఎడమచెవి పలకలేదు. కుడిచెవి పన్నెండుమందికీ పలికింది; బదులు మనుషులు దొరికేదాకా ఆ చెవితోనే వినమని మస్తాన్‌బీ చెప్పింది. రెండు చెవులూ పలికిన ఒక్క మనిషి గంధం బసవయ్య, యాభై ఎనిమిదేళ్లు, అందరికంటే పెద్ద.

లోపల ఏమై ఉంటుందని మస్తాన్‌బీని అడిగాను. ఆమె బల్ల మీద అగ్గిపుల్లలు పేర్చింది.

"చెవి లోపల నత్తగుల్ల లాంటి గొట్టం ఉంటది. దాంట్లో మూడు వరసల్లో పన్నెండువేల రోమకణాలు ఉంటాయి, ఇట్టా నిలబడి. ఇవి కరెంటుకు ఆడతాయి. కరెంటు ఇటు మారితే పొట్టి అవుతాయి, అటు మారితే పొడుగవుతాయి. సెకనుకు వేలసార్లు. ఆ ఆటతోనే సన్న చప్పుడును పెద్దది చేసి లోపలికందిస్తాయి. బదులు పలికేది కూడా ఆ ఆటే. పోగు చేసే పనల్లా వాటిని ఆడకుండా పొట్టిగా పట్టి ఉంచడం. ఆట ఆగితే మోత తగ్గుద్ది. పోగు తీస్తే మళ్లీ లేస్తాయి."

"కరెంటు ఎదురు పోతే?"

"పొడుగ్గా సాగి నిలబడిపోతాయి. అప్పుడూ ఆట ఆగుద్ది. మోత అప్పుడూ తగ్గుద్ది. పెట్టుకున్న మనిషికి తేడా తెలీదు." ఒక అగ్గిపుల్లను రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. "కానీ సాగదీసినవి తిరిగి లేవవు. నెలా రెణ్ణెల్లు రోజూ సాగదీస్తే చస్తాయి. చచ్చిన రోమకణం మళ్లీ మొలవదు."

అంటే మొదటి షిఫ్టులో పదకొండుమంది ఎడమ పోగు తిరగేసి పెట్టుకున్నారు. రోజుల తరబడి.

పోగుకు రెండు ముఖాలూ ఒకేలా ఉంటాయి. గుర్తు గీస్తే ఉప్పుగాలికి నెలలో చెరిగిపోతుంది. ఏ ముఖం చర్మం వైపు పెట్టాలో ఛార్జింగు గదిలోని మీటరు చెప్పాలి. ఈ రోజు ఆ గదికి వెళ్లాను. మీటరుకు ముల్లు లేదు. "27వ ఏడు నుంచి ఇంతే," అన్నాడు గదిలో మనిషి. పక్కన మీటరు తనిఖీ రిజిస్టరు ఉంది. నాలుగేళ్లుగా ప్రతిరోజూ "సరి చూడడమైనది" అని రాసి, కింద సూపర్నెంటు పొట్టి సంతకం ఉంది.

పూర్ణచంద్రరావును అడిగాను.

"మీటరు పోతే ఏమైంది? వీళ్లు నాలుకతో చూసుకుంటారు. మా తాత కాలంనాటి పద్ధతి. ఇంతవరకూ తప్పలేదు. నువ్వు శవం మీద పడి పేలాలేరుకోకు."

పద్ధతి నాకూ తెలుసు. ఇక్కడ అందరికీ తెలుసు. పోగును నాలుక మీద ఆనిస్తే ఒక ముఖం పుల్లగా తగులుతుంది, ఇంకోటి తగలదు. పుల్లటి ముఖం చర్మం వైపు. తగలకపోతే తిప్పి పెట్టుకోవాలి. నాలుకకు కరెంటు దిక్కు తెలుస్తుంది. ముప్పై ఏళ్లు మీటరు కంటే నాలుకే నికరంగా పనిచేసింది.

మరి ఒక్క షిఫ్టుకు, ఒక్క చెవికి ఎందుకు తప్పింది?

216వ రోజు, ఉదయం

5:10కి ఛార్జింగు గదిలో నిలబడ్డాను, మొదటి షిఫ్టు వచ్చేదాకా. నన్ను చూసి ఒకామె ఉమ్మేసింది. ఇంకొకామె, "రాసుకో, నేను ఉమ్మేశానని కూడా రాసుకో," అంది.

పోగులన్నీ స్టాండులో నిలువుగా ఉంటాయి, ఒకే ముఖం ఎడమవైపుకు. వచ్చినవాళ్లు కుడి పోగు కుడిచేత్తో, ఎడమ పోగు ఎడమచేత్తో తీస్తారు. కుడిచేత్తో తీసినప్పుడు ఏ ముఖం చర్మం వైపు వస్తుందో, ఎడమచేత్తో తీసినప్పుడు దానికి ఎదురు ముఖం వస్తుంది. కుడి పోగు ఎప్పుడూ తీసినట్టే సరిపోతుంది. ఎడమది తిప్పాలి.

పదకొండుమంది రెండు పోగులూ నాలుకకు తగిలించుకున్నారు, తల ఊపారు, తీసినవి తీసినట్టే పెట్టుకున్నారు. (మంగాయమ్మ పోగులు తాళం వేసి ఉన్నాయి. ఆమె బదులు వచ్చిన వేరే షిఫ్టు మనిషితో కలిపే పదకొండు.) బసవయ్య ఒక్కడే ఎడమ పోగు నాలుకకు తగిలించి, తల అడ్డంగా ఊపి, తిప్పి పెట్టుకున్నాడు.

ఆయన్ను పక్కకు పిలిచాను.

"తాతా, నువ్వొక్కడివే తిప్పావు."

"రోజూ తిప్పుతా బాబూ. ఎడమది ఎప్పుడూ తిప్పాల్సిందే."

"మిగతావాళ్లు తిప్పడం లేదు."

"అవును. రెణ్ణెల్ల నించి మానేశారు. అడిగా కూడా. స్టాండు మార్చారులే తాతా, పుల్లగానే తగలతంది, నీకు చాదస్తం అన్నారు. సరే నాకే నాలుక చెడిందేమోలే అనుకున్నా. నాది మామూలు నాలుకా? కడుపులో పుండు, పదేళ్లయింది కారం పులుపు తిని."

"పొద్దున ఏం తిన్నావు?"

"గంజి. ఉప్పేసి."

వంటశాల అక్కడికి ఇరవై అడుగులు. వంటమనిషి వెంకాయమ్మ పెద్ద గంగాళాలు కడుగుతోంది.

"పొద్దున షిఫ్టుకు ఏం పెడతారమ్మా?"

"చద్దన్నం, గోంగూర పచ్చడి. రోజూ అదే. ఈ ఉప్పునేలలో అది తప్ప ఏం మొలుస్తది? అయిదూ పదికి వడ్డిస్తా, నోట్లో ముద్ద ఉండగానే పోగుల గదికి పరిగెడతారు."

"ఇదివరకు?"

"ఇదివరకు రెండింటికి, పని దిగాక. మీరే కదయ్యా రాసి రాసి మార్పించారు. మర్చిపోయారా ఏంటి?"

మర్చిపోలేదు. 128వ రోజు నుంచి 149వ రోజు వరకూ ఆరుసార్లు రాశాను. "ఆకలి కడుపుతో కడ్డీ పట్టించవద్దు" అన్న శీర్షిక నాదే. సంఘం అడిగింది, నేను రాశాను, ఆఫీసు ఒప్పుకుంది. 151వ రోజు నుంచి మొదటి షిఫ్టుకు అన్నం పనికి ముందే పెడుతున్నారు. అక్కడి నుంచి బేరింగు పగిలేదాకా అరవై ఒక్క రోజులు. గోంగూర తిన్న నాలుకకు ఏ ముఖమైనా పుల్లగానే తగులుతుంది.

216వ రోజు, మధ్యాహ్నం

మొదట మంగాయమ్మకు చెప్పాను. ఆమె నవ్వింది. చూడటానికి బాగున్న నవ్వు కాదు.

"రెణ్ణెల్ల నించి తిప్పాల్సిన పని రాలేదు. స్టాండు బాగుచేశారనుకుని సంబరపడ్డాం. ఒక పని తగ్గిందని." మళ్లీ అంది: "మా ఆకలి గురించి నిన్నెవడు రాయమన్నాడయ్యా?"

జవాబు కూడా తనే చెప్పింది.

"మేమే. అదే మండిపోతోంది నాకు."

ఆమె చెవి తిరిగి రాదు. తీర్పు ఎటు వచ్చినా ఇక కడ్డీ పట్టదు. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. ఎడమచెవిని మాత్రం అరచేత్తో మూసి తెరిచి చూసుకుంది, రెండుసార్లు.

గోడపత్రిక రాశాను. మీటరు రిజిస్టరు, పదకొండు ఎడమచెవులు, గోంగూర, స్టాండు, బసవయ్య గంజి. నా ఆరు వార్తల తేదీలు కూడా వేశాను. మూడు కూడళ్లలో అతికించాను. గంటలో రెండు చించేశారు. ఒకటి సంఘం మనుషులు చించారు. అందులో వాళ్లు కోరిన కుట్ర లేదు. రెండోది ఆఫీసు మనిషి చించాడు. అందులో సూపర్నెంటు సంతకం సంగతి ఉంది.

మూడోదాని దగ్గర ఏసోబు నిలబడి ఉన్నాడు. చించడం లేదు, చదువుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. నన్ను చూశాడు.

"మా తమ్ముణ్ణి గోంగూర చంపిందని రాస్తావా?"

"తిరగేసి పెట్టిన పోగు చంపింది. దాన్ని పట్టుకోవాల్సిన మీటరు నాలుగేళ్లుగా లేదు. పట్టుకోవాల్సిన నాలుకను నేను చెడగొట్టాను."

"నువ్వు."

"అన్నం వేళ మార్పించింది నేను. సంఘంతో కలిసి."

చొక్కా పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"మాటలు ఎన్నైనా రాస్తావు నువ్వు. అదే నీ పని. ఆ కునుకమ్మను పడవ ఎక్కకుండా తప్పించడానికి ఇంకో నాలుగు కాగితాలు రాస్తావు."

"చదవొద్దు. పోగు నాలుక మీద పెట్టుకుని చూడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడు చూస్తే నేనేదో చేశానంటారు. రేపు సభలో, అందరి ముందు. పది పోగులు. ఏది ఏ ముఖమో మస్తాన్‌బీ తన పరికరంతో ముందే చూసి కాగితం మీద రాసి, సీలు వేస్తుంది. మొదట కడిగిన నోటితో చెప్పాలి. తర్వాత గోంగూర తిని చెప్పాలి."

"ఎవరు చెప్పాలి?"

"నమ్మనివాళ్లు."

చొక్కా వదిలాడు. గుండీ ఒకటి ఊడింది.

"నేనే చెబుతా," అన్నాడు. "గోంగూర తిన్నాక కూడా నా నాలుక పదికి పది సరిగ్గా చెప్పిందనుకో, పడవలో ఆమె ఒక్కతే పోదు. పక్కన నువ్వు కూర్చుంటావు. రాసిస్తావా?"

"రాసిస్తాను."

గోడపత్రిక కిందే రాసి, సంతకం పెట్టాను. అతను వేలిముద్ర వేశాడు. ఇద్దరం సాక్షులను పిలిచాం. ఒకరు బసవయ్య.

216వ రోజు, సాయంత్రం

సభ పెద్దలు పరీక్షకు ఒప్పుకున్నారు. పూర్ణచంద్రరావు అభ్యంతరం చెప్పారు, రాతపూర్వకంగా. మీటరు రిజిస్టరు సభకు తెమ్మని ఆయనకు కబురు వెళ్లింది. రిజిస్టరు తడిసిపోయిందని ఆయన జవాబు. నిన్న నేను చూసినప్పుడు పొడిగా ఉంది. నాలుగు పేజీలు నా పుస్తకంలో ఎక్కించుకున్నాను.

మొదటి షిఫ్టు వాళ్లు రేపు అన్నం ముట్టకుండా పోగులు పెట్టుకుంటామని మస్తాన్‌బీకి చెప్పారు. ఇద్దరు ఒప్పుకోలేదు. తమ నాలుకను అనుమానిస్తే ఊరుకోమన్నారు.

220వ రోజు నుంచి రెండో, మూడో షిఫ్టులకు కూడా అన్నం పనికి ముందే పెట్టాలన్న ఉత్తర్వు 209వ రోజునే వెలువడింది. దాన్ని ఆపమని అర్జీ ఇచ్చాను. అన్నం వేళ విషయంలో ఇది నా ఏడో రాత. ఇంకా జవాబు రాలేదు.

రేపటి కార్యక్రమం, 217వ రోజు:

ఉదయం 8:00 – మస్తాన్‌బీ పది పోగులు చూసి సీలు వేస్తుంది. సాక్షి బసవయ్య.

9:30 – వెంకాయమ్మ పచ్చడి గిన్నె సభకు తెస్తుంది. రోజూ వడ్డించే గిన్నె నుంచే.

10:00 – కట్ట సభ. మొదటి పోగు ఒడుగు ఏసోబు నాలుక మీద.

12:00 – తూర్పు గేటు దగ్గర పడవ. ఇద్దరికి చోటుండేలా సిద్ధం చేయమని చెప్పారు.

220వ రోజు నుంచి – ఉత్తర్వు ప్రకారం మూడు షిఫ్టులకూ అన్నం, పనికి ముందు.